ఎవరు పంపిన మనిషి?

మంచినీళ్ళ గ్లాసుతో కోడలు గదిలోకి వెళ్ళేసరికి మామగారి గొంతు మీద కత్తి ఉంది.

కత్తి పట్టుకున్న మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు.

సన్నగా ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. పెద్దాయన మెడ చుట్టూ తువ్వాలు కట్టి, చెంపలకు నురగ పూసి, తాపీగా గడ్డం గీస్తున్నాడు. పక్షవాతం వచ్చిన ఈ మూడు నెలల్లో ఎవరు ముట్టుకున్నా చిరాకుపడే పెద్దాయన కళ్ళు మూసుకుని, తల వాల్చి కూర్చున్నాడు.

“తలుపు తీసే ఉందమ్మా,” అన్నాడతను.

భర్త పంపించి ఉంటాడనుకుని ఆమె గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

కొడుకుకు బజారులో కళ్ళజోళ్ళ దుకాణం. ఆదివారం ఒంటిపూట బేరం. మధ్యాహ్నం ఇంటికొచ్చి, తండ్రి గోళ్ళు తీస్తున్న మనిషిని చూసి, భార్య పిలిపించిందనుకున్నాడు.

ఒకరినొకరు అడగలేదు. ఆ ఇంట్లో అడగడాలూ చెప్పడాలూ తగ్గి చాలాకాలమైంది. కొడుకు టీవీ ముందు తినేవాడు. కోడలు వంటింట్లో నిలబడే తినేసేది. కాలేజీకి వెళ్ళే మనవరాలు కంచం పట్టుకుని తన గదిలో దూరేది. పెద్దాయనకు చెంచాతో పెడితే సగం పక్కలకు కారిపోయేది.

అతను ఆదివారం ఆదివారం వచ్చేవాడు. గడ్డం గీసేవాడు. చచ్చుబడిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, నూనె రాసి, ఒక్కొక్క వేలే వంచి చాచేవాడు. రెండోసారి వచ్చినప్పుడు కోడలితో మెల్లిగా అన్నాడు.

“కంచాలు ఇక్కడికే తెచ్చుకోండమ్మా. నలుగురూ తింటుంటే చూస్తే ఆయనకూ నమలడం గుర్తొస్తుంది.”

మంచం పక్కన చాప పరుచుకుని కూర్చున్నారు. మొదట ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకుంటూ తిన్నారు. కాసేపటికి, క్లాసులో లెక్చరరు తుమ్మితే విగ్గు ఊడి ముందు బెంచీ మీద పడ్డ సంగతి మనవరాలు చెప్పింది. పెద్దాయన గొంతులోంచి నవ్వులాంటిది వచ్చింది. ఆ పూట ఒక్క ముద్ద కూడా కారలేదు.

నాలుగో ఆదివారం అతను వెళ్ళాక, కొడుకు చెయ్యి కడుక్కుంటూ, మంచి మనిషిని పట్టుకొచ్చావని భార్యను మెచ్చుకున్నాడు.

“నేనెక్కడ? మీరు పంపలేదా?”

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

ఇక అక్కణ్ణుంచి అన్నీ అనుమానాలే. అతను పేరు చెప్పలేదు. ఊరడిగితే నీళ్ళు నమిలాడు. డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. పనీపాటా లేక ఎవరైనా పరాయి మనిషికి చేతులు పిసుకుతారా? తింటున్నంతసేపూ తన భర్తనే రెప్పవెయ్యకుండా చూస్తున్నాడని కోడలికి అప్పుడు తట్టింది. ఇల్లు ఇంకా తండ్రి పేరునే ఉందని కొడుకుకు తట్టింది. బీరువా తాళంచెవి తలగడ కిందికి చేరింది. ఇలాంటివాళ్ళే నమ్మించి గొంతు కోస్తారని వీధి చివర కిరాణా కొట్టతను ఆజ్యం పోశాడు.

తర్వాతి ఆదివారం కొడుకు దుకాణం తెరవలేదు. అడుగుల చప్పుడు కాకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

అతను పెద్దాయన బొటనవేలు పట్టుకుని ఒక కాగితం మీద ఒత్తుతున్నాడు.

“ఏం రాయించుకుంటున్నారు?”

అతను ఉలిక్కిపడలేదు. కాగితం చాపాడు. తెల్ల కాగితం. వేలికి పట్టు రావాలంటే కాగితం నలిపించాలని ఏదో చెప్పబోయాడు. కొడుకు విననిస్తే కదా. ఇవాళ తెల్ల కాగితమే, రేపు వేలిముద్ర పైన ఏం రాసుకుంటావో ఎవరికి తెలుసన్నాడు. ఎవరు పంపారన్నాడు. ఇంతకుముందు ఎన్ని కొంపలు ముంచావన్నాడు. మాట మీరు నుంచి నువ్వుకు దిగిపోయింది.

అతను కత్తి తుడిచి సంచిలో పెట్టబోతూ ఆగాడు.

“సగం గడ్డం ఉండిపోయింది బాబూ. అది గీసేసి వెళ్తాను.”

“అక్కర్లేదు. మళ్ళీ ఈ గడప తొక్కకు.”

గుమ్మం దాటుతూ ఒక్క క్షణం నిలబడ్డాడు. కొడుకు చొక్కా కాలరు లోపలికి మడతపడి ఉంది. సరిచెయ్యబోయినట్టు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

మిగిలిన సగం కొడుకే గీయబోయాడు. పెద్దాయన గోడవైపు తిరిగిపోయాడు. కంచాలు మళ్ళీ వేటి చోటికి అవి వెళ్ళిపోయాయి.

పదిరోజులకు ఆస్పత్రిలో డాక్టరు పెద్దాయన బొటనవేలు కదలడం చూసి ఆశ్చర్యపోయాడు. ఇంట్లో ఎవరో చాలా ఓపికగా వ్యాయామం చేయిస్తున్నారని, ఆపొద్దని చెప్పాడు. కొడుకు తలెత్తలేదు. తిరిగి వస్తూ దారిలో కనపడిన సెలూనల్లా ఎక్కి దిగాడు. అలాంటి మనిషి ఎవరికీ తెలియదు.

నెల తిరిగాక మేనత్త వచ్చింది. తమ్ముడి పక్కన కూర్చుని, ఆదివారాలు వచ్చిన ఆ మనిషికి ఇంటి చిరునామా ఇచ్చింది తనేనని చెప్పింది. కొడుకు జరిగిందంతా చెప్పాడు. ఎక్కడుంటాడో చెబితే, కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తానన్నాడు.

“మొన్న గురువారం పోయాడురా. గుండె జబ్బు. ఎక్కువ రోజులు లేవని ముందే తెలుసు.”

మేనత్త కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత ఆమే చెప్పింది. ఓడల్లో వంట చేసేవాడట. క్షవరం కూడా అక్కడే నేర్చుకున్నాడట. నలభై రెండేళ్ళ కిందట భార్య పురిట్లో పోయిందట. ఇంకెప్పుడూ ఈ ఇంటి ఛాయలకు రానని అప్పుడు పెద్దాయనకు మాటిచ్చాడట. ఆయన మంచాన పడ్డాడని విని, ఉండబట్టలేక మాట తప్పాడట.

“నాన్నకు అలాంటి మాట ఎందుకిచ్చాడత్తా?”

మేనత్త మేనల్లుడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“పిల్లల్లేని నా తమ్ముడి ఒళ్ళో ఆ రోజు నిన్ను పెట్టి వెళ్ళింది అతనేరా.”