పిన్ని చేతులు

"పాప తుంటి ఎముక గూట్లో కుదురుకోలేదు. రెండు నెలల పసిగుడ్డేగా, పట్టీలు కట్టి కాళ్లు ఎడంగా ఉంచితే సర్దుకుంటుంది," అంది డాక్టరు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా వంశంలోనే లేదు," అమ్మమ్మ వసీలా టక్కున అంది.

"నేనూ కుంటుతానండీ," అంది పాప తల్లి ఇబ్తిసామ్. "కానీ నన్ను పసితనంలో మా జొహ్రా పిన్ని చేజార్చింది. అందుకని."

డాక్టరు అప్పటికప్పుడు ఆమెకూ ఎక్స్‌రే తీయించి చూసింది. "పడితే ఇలా ఉండదమ్మా. నీకూ పుట్టుకతోనే ఇదే."

ఇబ్తిసామ్ తల్లి వైపు తిరిగింది. వసీలా తలమీది ముసుగు సర్దుకుంది.

"పుట్టులోపమంటే నిన్నెవడు చేసుకుంటాడే? పడిందంటే ఎవరూ వేలెత్తి చూపరు."

"అందుకని పిన్ని మీద వేశావా? ఇరవై ఎనిమిదేళ్లుగా కైరవాన్ ఊళ్లో ఒక్క తల్లీ ఆమె చేతికి బిడ్డనివ్వలేదు!"

"నేను వెయ్యలేదే. 'నా పేరు చెప్పక్కా, పిల్ల బతుకు బాగుంటుంది' అని అదే అంది."

ఇబ్తిసామ్‌కు పాప పుట్టిన ఏడోనాటి వేడుక గుర్తొచ్చింది. ఆ రోజు పిన్ని ఆశగా చేతులు చాచింది. "నన్ను పడేసింది చాలదూ?" అని నలుగురిలో ఆ చేతుల్ని తోసేసింది తనే.

ఆ మాట విని కూడా అమ్మ, వచ్చినవాళ్లకు నువ్వుల తీపి పంచుతూనే ఉంది.