మీటర్ల గది వెనక పది నిమిషాలు

"ఏమండీ, ఇలా రండి. చప్పుడు చెయ్యకండి."

భానుమతి వంటింటి కిటికీలోంచి కిందకి చూస్తోంది. భీమేశ్వరరావు గడ్డం మీద నురగతోనే పరుగెత్తుకొచ్చాడు.

కింద మీటర్ల గది వెనక ఇద్దరున్నారు. ఒకరు తమ పనిమనిషి చాందిని. రెండోవాడు రెండో నంబరు గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే గార్డు.

చాందిని చున్నీ చాటునుంచి చిన్న మూట తీసి అతని చేతిలో పెట్టింది. అతను అటూ ఇటూ చూసి గబుక్కున సంచిలో వేసుకున్నాడు.

"వారం నుంచి గమనిస్తున్నా. రోజూ పొద్దున ఎనిమిదింటికి, సరిగ్గా పది నిమిషాలు."

"మూటలో ఏముంటుందంటావ్?"

"మన వెండి గ్లాసు కనబడక నాలుగు రోజులైంది."

"చాందిని ఇప్పుడేగా పనిలోకి వస్తోంది!"

"నిన్న తీసింది ఇవాళ ఇస్తుందండీ. మీకన్నీ విడమరిచి చెప్పాలి."

ఆ రోజు చాందిని గిన్నెలు తోముతుంటే భానుమతి మెల్లిగా కదిపింది.

"మీ ఆయనేం చేస్తాడే?"

"నైట్ డ్యూటీ, దీదీ. పన్నెండు గంటలు. ఆదివారం కూడా సెలవుండదు."

"మరి పిల్ల?"

"పొద్దున ఆయన ఇల్లు చేరేదాకా పక్కింటి ముసలమ్మ. తర్వాత ఆయనే చూసుకుంటాడు."

భానుమతికి ఒళ్ళు మండిపోయింది. అవ్వ! అక్కడ మొగుడు రాత్రంతా ఒళ్ళు హూనం చేసుకుంటుంటే, ఇక్కడ దీనికి ఇంకొకడితో ముచ్చట్లా?

"మొహం మీదే అడిగేస్తానండీ," అంది సాయంత్రం.

"పిచ్చిదానా! అడిగితే జాగ్రత్తపడతారు. కాగితం మీద పోవాలి."

కాగితం మీద పోవడంలో భీమేశ్వరరావుని మించినవాడు లేడు. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, పైగా ఢిల్లీ పక్కన వైశాలిలో ఈ అపార్ట్‌మెంట్ల సొసైటీకి సెక్రటరీ. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకే ఊళ్ళో వెయ్యాలన్న రూలు పట్టుకుని, పద్నాలుగు అర్జీలు పెట్టి, భానుమతిని విశాఖపట్నం నుంచి ఢిల్లీకి రప్పించుకున్న ఘటికుడు. గార్డులు, పనివాళ్ళు గేటు దగ్గర మాట్లాడుకోరాదని బోర్డు పెట్టించిందీ ఆయనే.

అదే చేత్తో సెక్యూరిటీ ఏజెన్సీకి రాశాడు. గార్డు పేరు ఆయనకి తెలీదు. ఆ సొసైటీలో ఎవరికీ తెలీదు, అందరికీ అతను భయ్యానే.

"రెండో గేటు రాత్రి గార్డు ప్రవర్తన అనుమానాస్పదం. వెంటనే మార్చగలరు."

ఏజెన్సీవాళ్ళు మర్నాడే మార్చేశారు. అతన్ని ఒక్క మాటైనా అడగలేదు.

వెండి గ్లాసు ఆ ఆదివారం అటక మీద దొరికింది. ఆ సంగతి భానుమతి ఎవరికీ చెప్పలేదు.

సోమవారం చాందిని తొమ్మిదింటికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చంకలో పిల్ల.

"రేపట్నుంచి రాలేను, దీదీ. ఆయన్ని ఎక్కడో ఊరి ఆ చివర గురుగ్రామ్‌లో వేశారు. ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతోంది. అంతసేపు చూడలేనంది ముసలమ్మ."

"అయ్యో! ఎవర్నైనా పెట్టుకోలేవూ?"

"వచ్చే జీతం వాళ్ళకే ఇవ్వాలి. గదికున్నది ఒకటే తాళంచెవి. రోజూ రెండు రొట్టెలతో కలిపి మూటగట్టి ఆయనకిక్కడే ఇచ్చేదాన్ని. ఇప్పుడెక్కడని ఇవ్వను?"

భానుమతి చూపు వంటింటి కిటికీ మీద పడింది.

"నా ఆధార్ కాపీ ఇప్పించండి, దీదీ. ఇంకోచోట పని అడగాలి."

భీమేశ్వరరావు సొరుగు తెరిచాడు. ఆధార్ కాపీకి గుచ్చి, ఎనిమిది నెలల కిందట చాందిని పనిలో చేరిన రోజు నింపించిన ఫారం ఉంది. భానుమతి ఆయన భుజం మీదుగా చదివింది.

'భర్త పేరు: రాజీవ్. పని: ఇదే సొసైటీ, రెండో గేటు, రాత్రి గార్డు.'

ఆ కింద 'పరిశీలించితిని' అని భీమేశ్వరరావు సంతకం.