పుట్టింటి జబ్బు

"దీని గుడ్డలన్నీ సర్దుకోనే వచ్చినాను డాక్టరమ్మా. మీరొక మాట చెప్తే ఇట్లనే వాళ్లమ్మ దగ్గరికి వేప్పనపల్లి బస్సెక్కించేస్తా," అంటూ దొడ్డమ్మ తన కోడలు సుమ సంచీని డాక్టరు బల్ల మీద దబ్బున పెట్టింది.

కృష్ణగిరిలో ఆ ఆసుపత్రికి రావడం ఇది రెండోసారి. సుమ తల వంచుకుని కూర్చుంది. పక్కన శివరాజ్ ఉన్నాడన్న మాటే గాని, మొగుడనే మనిషి ఒక్కసారి నోరు విప్పితే ఒట్టు.

దొడ్డమ్మ మాత్రం ఆపలేదు. కోడలు తళి ఊళ్లో గులాబీలు పెంచే షెడ్డుకి పనికి పోతుందట. సూపర్‌వైజరు ఒక్క మాట గట్టిగా అంటే చాలు, గడగడా వణికి చెట్ల వరసల మధ్యే కూలబడి ఏడుస్తుందట. రెండు బకెట్ల పూలు మోస్తే మూడు రోజులు మంచం దిగదట. ఊళ్లో అందరూ పిచ్చిదంటున్నారట. సుమకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిజంగానే సోమరిపోతునేమో, నటిస్తున్నానేమో అని ఈమధ్య తనకే తన మీద అనుమానం.

డాక్టరు రశ్మి అంతా విని రిపోర్టు తెరిచింది. ఇది పిచ్చీ కాదు, నటనా కాదు అంది. ఒంట్లోని కణాల్లో మైటోకాండ్రియా అనేవి ఉంటాయట. తిన్న కూడును శక్తిగా మార్చేది అవే. సుమలో అవి సరిగ్గా పని చేయడం లేదు. భయమో బాధో కలిగితే తట్టుకోవడానికి ఎవరికైనా ఎక్కువ శక్తి కావాలి. అది చాలకనే ఈ వణుకు, నీరసం, దిగులు. తిట్టేకొద్దీ ముదురుతుందే గాని తగ్గదని దొడ్డమ్మనే చూస్తూ చెప్పింది.

దొడ్డమ్మకి ఆ చూపు నచ్చలేదు. "మాది గొర్రెలు కాసిన వంశమమ్మా. ఎండకీ వానకీ ఒక్కరూ ఇట్ల పడిపోలే. ఇది వాళ్లింటి నుంచి తెచ్చుకునిన జబ్బే కదా?"

"ఈమెకున్న లోపం తల్లి నుంచే వస్తుంది," అంది డాక్టరు.

"చూసినావా శివరాజా? నేను అప్పుడే చెప్పలే?" దొడ్డమ్మ సంచీ చేతికి తీసుకుంది. "నడువు, వాళ్లమ్మ దగ్గరే వదిలేసి వద్దాం."

"ఆగండి. ఆ తల్లికి వాళ్లమ్మ నుంచి వచ్చి ఉండొచ్చు. సుమ అమ్మమ్మ బతికే ఉంటే ఆమె రక్తం కూడా చూడాలి. ఉందా?"

శివరాజ్ గోడ వైపు తిరిగాడు. సుమకి జవాబు తెలుసు. చెప్పడానికి సిగ్గేసింది, ఈసారి తన కోసం కాదు.

దొడ్డమ్మ చేతిలోంచి సంచీ జారింది. కుర్చీలో కూలబడి, రవిక చెయ్యి పైకి తోసుకుని డాక్టరు ముందుకి చాపింది.

"వయసులో నేనూ మందనొదిలేసి పొదల చాటున పడుకోని ఏడుస్తా ఉంటి. సిగ్గై ఎవురికీ చెప్పలే. నా రక్తమే తీసుకోమ్మా. నా కూతురి కూతుర్నే నా కొడుక్కి చేసుకునినాను."