ఉన్ని లంగోటి

కెనడా ఆఫీసరు సోమవారం పొద్దున పదింటికి ఎల్లారెడ్డిలో దిగాడు. ఎండ మండిపోతోంది. ఆయనకేమో మెడ దాకా గుండీలు పెట్టిన నల్లకోటు, నల్లద్దాలు, చంకలో ఫైలు. నేరుగా వచ్చి గంగారాం పహిల్వాన్ గడప ముందు నిలబడ్డాడు.

"ఎవరి దగ్గరా జీతానికి ఉండకుండా సొంతంగా బతికే ఆటగాళ్లకు, కళాకారులకు మా దేశం వీసా ఇస్తుంది. మీ పేరు విని వచ్చాను," అన్నాడు.

గంగారాం చాయ్ కప్పు కింద పెట్టాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. జాతరలో ఆఖరి కుస్తీకి ఇచ్చే వెండి కడెం పన్నెండుసార్లు గెలిచినవాడు. ఈ ఏడాది కుస్తీలు తీసేసి డీజే పెడతామని జాతర కమిటీ చెప్పిన రోజు నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. ఊరంతా పహిల్వాన్ అంటుంది, కుస్తీకి మాత్రం ఎవరూ రమ్మనరు. ఇక ఆ పేరు ఎందుకు చెప్పండి? అలాంటిది, ఏకంగా ఒక దేశమే రమ్మంటోంది.

"ఆడ కుస్తీ చూసెటోళ్లు ఉన్నరా సారూ?"

"మీరు పడితే ఎందుకు చూడరు?"

ఆ ఒక్క మాటకే మనిషి సగం కెనడా వెళ్లిపోయాడు.

"మరి ఖర్చెంతయితది?" అని అడిగింది భార్య మంగవ్వ.

"ఇప్పుడేమీ వద్దమ్మా. ఐదో రోజు పని ముగిశాక మీకు తోచింది ఇవ్వండి."

పుట్టి బుద్ధెరిగాక ఇంత మంచి ఆఫీసరును చూడలేదు మంగవ్వ. పెరుగన్నం పెట్టి పంపింది.

మంగళవారం ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఎప్పుడైనా ఎవరి కిందనైనా ఉన్నారా?"

"కిందనా? ముప్పై ఏండ్లల్ల ఒక్కని కింద పడలే సారూ. అందరు నా కిందనే."

ఆఫీసరు రాసుకున్నాడు.

"విదేశీయులతో ఆడారా?"

"జుక్కల్ దిక్కు పట్టిన, డోంగ్లి అవతల మరాఠోళ్లతోని పట్టిన. ఆడ వాళ్లు తిట్టేది నాకు సమజ్ కాలే, నేను తిట్టేది వాళ్లకు సమజ్ కాలే."

ఆఫీసరు "అయితే విదేశమే," అని టిక్కు పెట్టాడు. "ఇక సాక్ష్యం కావాలి. మీ చేతిలో ఓడినవాళ్లు కాగితం మీద రాసివ్వాలి."

బుధవారం గంగారాం కామారెడ్డి బస్సెక్కాడు. అక్కడ ఖుద్దూస్ ఉన్నాడు. ఒకప్పటి పహిల్వానే, ఇప్పుడు పంక్చర్ల దుకాణం.

"నేను ఓడిపోయిన్నని నేనే రాసియ్యాల్నా?" అని ఖుద్దూస్ మండిపడ్డాడు. "ఇరవై రెండేండ్ల సంది కాలు జారిందని చెప్పుకుంట తిరుగుతున్న. మా ఇంట్ల అందరు గదే నమ్మిన్రు!"

"కెనడా పోవాలె ఖుద్దూస్ భాయ్."

"అయితే మళ్ల పట్టు. ఓడగొడితే రాసిస్త."

టైర్ల మధ్యనే పట్టారు. ఒకాయనకు నడుము పట్టేసింది, ఇంకొకాయనకు మోకాలు. విడదీయడానికి నలుగురు కావాల్సి వచ్చింది.

"పైన ఎవలున్నరు?" అని ఖుద్దూస్ నేల మీద నుంచే అడిగాడు.

"నేనే."

"అచ్చా. కాగితం తే."

సాయంత్రం ఆఫీసరు వచ్చి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా... బాగుంది, ఇలాగే ఉండాలి," అని గొణుక్కుంటూ, ఎందుకోగాని మొత్తం తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు.

గురువారం చలి సంగతి చెప్పాడు. ఆరు నెలలు మంచేనట. మట్టి రాయిలా అయిపోతుందట.

గంగారాం వెంటనే కుస్తీ పట్టే తాలీంలోని ఎర్రమట్టి తవ్వి జల్లించి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి రెండు సంచుల్లో కుక్కాడు. మంగవ్వ పాత స్వెట్టర్ విప్పి, ఆ ఉన్నితో లంగోటి అల్లడానికి కూర్చుంది.

పక్కింటి యాదవ్వ గోడ మీద నుంచి చూసింది. "గది కట్టుకొని దిగితే గా దేశపోళ్లు నవ్వరానే?"

"నవ్వితే నవ్వనీ. మనిషి కొంకర్లు వోకుంటే సాలు," అంది మంగవ్వ. అల్లుతూ అల్లుతూ ఆగింది. "నువ్వు వోయినంక నేను ఎవలతోని కొట్లాడాలె?" అని మొగుణ్ని అడిగింది.

"ఫోన్ల కొట్లాడు," అన్నాడు గంగారాం. కట్టిన సంచి మూతినే విప్పి మళ్లీ కట్టాడు.

శుక్రవారం వాకిలి నిండా జనం. దండలు తెచ్చారు. జాతర కమిటీ వాళ్లు కూడా వచ్చి ఒక మూల నిలబడ్డారు. వాళ్లకు వినబడేట్టుగా గంగారాం రెండుసార్లు తొడ చరిచాడు.

ఆఫీసరు కోటు లేకుండా, అద్దాలు లేకుండా, మామూలు చొక్కాతో వచ్చాడు. ఎండకు తట్టుకోలేకపోయాడు పాపం అనుకున్నారంతా. వస్తూనే వంగి గంగారాం కాళ్లు మొక్కాడు. ఎంత మర్యాద చూడండి! ఫైల్లోంచి ఒక కాగితం తీసి చేతిలో పెట్టాడు.

"గీ సంతకం ఒక్కటే తక్కువ బాపూ. ఇది పడ్డదంటే వీసా వచ్చినట్టే."

గంగారాం వెంటనే పెన్ను అందుకున్నాడు. "ఏడ వెట్టాలె?" అన్నాడు.

"ఆగు," అంది మంగవ్వ. "సదవకుంట సంతకం వెట్టుడేంది? ముందుగాల ఏం రాసిన్రో ఇనిపియ్యమను."

ఆఫీసరు గొంతు సవరించుకుని చదివాడు:

"ఎల్లారెడ్డి గంగారాం పహిల్వాన్ అను నేను ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, రాజంపేట పగటివేషగాడు భీమేష్ వరుసగా నాలుగు రోజులు కెనడా ఆఫీసరు వేషం కట్టి మా ఇంటికి రాగా మేమంతా నిజమైన ఆఫీసరే అని నమ్మితిమి గనుక, సొంతంగా బతికే ఇంతటి కళాకారునికి కెనడా వీసా తప్పక ఇవ్వవలెను."