నాపరాయి దుమ్ము

"ఏం పని చేసేవారు, ప్రేమయ్యా?" ఎక్స్‌రే చూస్తూ అడిగింది కడప ఆస్పత్రి డాక్టరు.

"సేద్యం, మేడమ్."

"ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము ఉంది. సేద్యంలో ఇది రాదే?"

ప్రేమయ్య ఆయాసపడుతూ తల వంచుకున్నాడు.

పక్కనున్న కూతురు జీవిత ఆగలేకపోయింది. "ఎర్రగుంట్ల కాడ నాపరాళ్ల పాలిష్ మిల్లులో చేసినాడు, మేడమ్. ఎందుకు దాస్తాండావు నాయనా?"

"తెలిస్తే ఆఫీసర్లొచ్చి మిల్లు మూయిస్తారు. ఇప్పుడు నా జాగాలో నువ్వే కదమ్మా చేస్తాండేది!"

డాక్టరు నిట్టూర్చింది. "ఎవరూ మూయించరు. ఆ మిల్లుల గురించి ఎన్నిసార్లు చెప్పినా, ఏళ్ల తరబడి తనిఖీకి ఎవరూ పోవడం లేదు."

పని పోదని జీవిత ముఖం తేటపడింది. ప్రేమయ్య ముఖం మాత్రం పాలిపోయింది. ఆఫీసర్లు వస్తారనే ఇన్నాళ్లూ ఆయన భయపడ్డాడు.

"ఎవురూ రారా?" అంటూ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అయితే ఈ పిల్లను ఎవురు కాపాడతారు, మేడమ్?"

డాక్టరు లేచి వచ్చి జీవిత వీపుకు స్టెతస్కోపు ఆనించింది.

"గట్టిగా ఊపిరి పీల్చమ్మా."

డాక్టరుకు సరిగ్గా వినపడాలని ప్రేమయ్య తన ఆయాసాన్ని బిగబట్టుకున్నాడు.