ముందు జీపు

"దుమ్ము తినీ తినీ నా జుట్టు ఎర్రబడింది. ఈ శివరాత్రికి నేనే ముందుంటా, చూడు!" అన్నాడు పుల్లారావు, అద్దంలో మీసం దువ్వుకుంటూ.

భార్య కృష్ణకుమారి నవ్వాపుకుంది. ఏటా వినే మాటే.

మాచర్లలో మిలిటరీ వేలంలో పాత జీపులు కొనుక్కున్నవాళ్లంతా కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. ఆదివారం వస్తే చాలు, రోడ్డు వదిలి వెల్దుర్తి వైపు రాళ్లలో, వాగుల్లో పడి తిరగడం వాళ్ల సరదా. శివరాత్రికి మాత్రం వరసకట్టి, డొంకదారుల్లో కోటప్పకొండకు పోతారు. ప్రెసిడెంటు జీపు ముందు. దాన్ని ఎవరూ దాటకూడదు. ముందున్నవాడు తెల్లచొక్కాతో ఎక్కి తెల్లచొక్కాతోనే దిగుతాడు. వెనకవాళ్లను పెళ్లాలు కూడా గుర్తుపట్టరు.

మూడేళ్లుగా ఆ తెల్లచొక్కా కట్టెల అడితి జహంగీర్‌దే.

పుల్లారావు ఓర్వలేకపోయాడు. తనకు ఎరువుల కొట్టుంది. తన జీపుకు కొత్త టైర్లు, కొత్త రంగు, పైగా టేపురికార్డరు. జహంగీర్ జీపుకు హారనే సరిగ్గా మోగదు. అయినా ఎవడి బండి బురదలో దిగబడ్డా "జహంగీర్ భాయి ఏడీ?" అంటారు. ఒకసారి పుల్లారావు జీపే వాగులో కూరుకుపోతే తాడు కట్టి లాగింది జహంగీరే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయం చేసినందుకు పుల్లారావు అతన్ని ఇంతవరకూ క్షమించలేదు.

చివరికి ఆ జీపు జాడ చూసినా ఒళ్లు మండేది. దాని వెనక టైరు ఒకచోట చీలింది. చక్రం తిరిగినప్పుడల్లా దుమ్ములో మిరపకాయంత గీత పడేది. అది చూసి "జహంగీర్ ఇటే పోయాడు" అని ఊళ్లో ఎవరైనా చెప్పేవాళ్లు. పుల్లారావు పనిగట్టుకుని ఆ గీతల మీద తన జీపు ఎక్కించి చెరిపేసేవాడు.

ఇవాళే ఎన్నిక. చీటీలూ పెట్టెలూ లేవు. పోటీ చేసేవాళ్లు ఎండెక్కేలోగా మైదానంలో జీపులు నిలబెట్టాలి. జీపు తేనివాడికి పోటీ లేదు. మిగతావాళ్లు తమకు నచ్చిన జీపు వెనక తమది తెచ్చి ఆపుతారు. ఎవరి తోక పొడవైతే వాళ్లు ప్రెసిడెంటు.

"కోడి కూయకముందే జీపు చప్పుడైంది. ఏడకి పోయొచ్చావు?" అడిగింది కృష్ణకుమారి.

"గుడికి."

"మరి బర్రెను వీధిలో కట్టేశావేంది? చావిడికి తాళం ఏంది?"

"సాయంత్రం అందరూ మనింటికే వస్తారే. భోజనాలు చావిట్లోనే. కడిగి పెట్టా."

"ముందు గెలువు. జహంగీర్ అన్న మీద..."

"నీక్కూడా అన్నేనా వాడు?" అని అరిచి, తెల్లచొక్కా తొడుక్కుని బయలుదేరాడు.

మైదానంలో అతని జీపు ఒక్కటే నిలబడింది. జహంగీర్ జాగా ఖాళీ. పుల్లారావు టేపురికార్డరులో పాట పెట్టి, కాలు మీద కాలేసుకున్నాడు.

"ఎండెక్కింది. మీ జహంగీరేడే? రాడులే!" అన్నాడు వేరుశనక్కాయలమ్మే పుల్లమ్మతో.

"ఆయన సంగతి సరే. తక్కినోళ్లేరయ్యా?"

నిజమే. ఒక్క జీపూ లేదు. పాట ఆపి బయలుదేరాడు. టీకొట్టు దగ్గర ఎవరూ లేరు. పెట్రోలు బంకులోనూ లేరు. తన వీధిలోకి తిరిగేసరికి కనిపించాయి జీపులన్నీ. నేలమీద దేన్నో తొక్కకూడదన్నట్టు, ఒక పక్కకు జరిగి, వీధి మొదలు నుంచి తన ఇంటిదాకా వరసగా నిలబడి ఉన్నాయి.

పుల్లారావు గుండె పొంగింది. జహంగీర్ రాలేదని తెలిసి తన ఇంటికే వచ్చేశారు! దండ కూడా తెచ్చే ఉంటారు. జీపు దిగి, చొక్కా సర్దుకుని, చేతులు జోడించుకుంటూ వరస పక్కనే నడిచాడు. ఎవరూ తిరిగి దణ్ణం పెట్టలేదు.

తన అరుగు మీద జహంగీర్ కూర్చుని, కృష్ణకుమారి ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. పుల్లారావును చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"మా ఓట్లు అయిపోయినయిరా పుల్లారావ్. లెక్కపెట్టుకో," అన్నాడు క్లబ్బులో పెద్దవాడు సుభానీ.

"ఎవరి జీపు వెనక, బాబాయ్?" అడిగాడు పుల్లారావు.



కృష్ణకుమారి వేలు పెట్టి చూపించిన చోట, వీధి పొడుగునా దుమ్ములో వరసగా వచ్చిన మిరపకాయ గీతలు, తాళం వేసిన చావిడి తలుపు కిందుగా లోపలికి పోయాయి, మళ్లీ బయటికి రాలేదు.