ఎడమ భుజం

ఉదయం ఐదూ నలభై. వాన వెలిసి పావుగంటయింది. గాలి పూర్తిగా స్తంభించింది. కోర్టు మీద నిలిచిన నీళ్ళలో బాస్కెట్‌బాల్ రింగు తలకిందులుగా కనిపిస్తోంది.

ఇద్దరమ్మాయిలు గోనెపట్టాలతో ఆ నీళ్ళు లాగేస్తున్నారు. మూడో అమ్మాయి మునివేళ్ళ మీద లేచి, రింగు వలలో చిక్కిన ఆకులు దులుపుతోంది.

“ఒసేయ్ నిచ్చెనా, పైన ఇంకా వానుందేమో చూసి చెప్పు!” అంది పొట్టి కెప్టెన్.

“చెప్తా గానీ, అంత కిందికి వినబడుతుందా అక్కా?”

కాలేజీ జట్టులో నిచ్చెన కొత్తగా చేరింది. ఎత్తు చూసి క్రీడల కోటాలో సీటిచ్చారు. ఆ ఎత్తు తప్ప ఆమె దగ్గర వేరే విద్య లేదు. బంతి అందుకుంటే జారేది. తిరగబోతే కాళ్ళు మెలిపడేవి. ఏడాది చివరి పోటీకి వెళ్ళే పన్నెండుమందిలో ఆమె పేరు లేకపోతే హాస్టల్ గది ఖాళీ చేయాలి. గది పోతే చదువూ పోయినట్టే.

ఆ పోటీలో మూడేళ్ళుగా కప్పు వదలనిది ఒక పెద్ద కాలేజీ. వాళ్ళ సెంటర్, అంటే రింగు దగ్గర నిలబడి ఆడే అమ్మాయి, ఆరడుగులు దాటిన మనిషి. రింగు కింద ఆమెను ఆపగలిగినవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదని ప్రతీతి. ఇన్నాళ్ళకు మనకూ ఒక పొడుగు పిల్ల దొరికిందని కాలేజీలో అందరూ సంబరపడ్డారు.

వానాకాలం మొదట్లో కోచ్ మేడం మ్యాచ్‌లు చూడడానికి పొరుగూరు వెళ్ళి, వారం తర్వాత తిరిగివచ్చింది. వచ్చీ రాగానే నిచ్చెన ఒక్కదాన్నే పిలిచింది.

“నీకో ఆట నేర్పుతాను. ఎదురడక్కుండా నేర్చుకుంటావా?”

“నేర్చుకుంటాను మేడం.”

ఆనాటి నుంచి తెల్లవారుజామున వాళ్ళిద్దరే. రింగుకు వీపు పెట్టి నిలబడాలి. బంతిని తల మీదే అందుకోవాలి, కిందికి దించకూడదు. ఒక్కసారి నేలకు కొట్టి, ఎడమ భుజం దించి, కుడికి తిరిగి, చెయ్యి బారుగా చాచి బంతిని బోర్డుకు తగిలి రింగులో పడేలా వదలాలి.

“భుజం దించు. ఇంకా. ఆఁ, అంతే.”

“దించితే బలమొస్తుందా మేడం?”

“దించమన్నానా? దించు.”

ఒకరోజు నిచ్చెన తిరగబోయి, ఎందుకో ఒకడుగు వెనక్కి వేసి, అక్కడి నుంచే బంతి విసిరింది. బంతి రింగును తాకకుండానే లోపలికి దిగింది; వల మాత్రమే కదిలింది. అప్పుడే వచ్చిన కెప్టెన్ ఈల వేసింది. మేడం ముఖం మాడిపోయింది.

“ఎవరు చెప్పారు నీకిది?”

“ఎవరూ చెప్పలేదు మేడం. దానంతటదే వచ్చింది.”

“వచ్చినదాన్ని వచ్చిన దారినే పంపించెయ్. నేను నేర్పిందే ఆడు.”

సాయంత్రాలు ఐదుగురు సీనియర్లు ఆమెకు ఎదురు నిలిచేవారు. మొదట్లో ఆమె తిరిగితే గడ్డిపోచల్లా పక్కకు తప్పుకునేవారు. పోనుపోను పరిస్థితి తారుమారైంది. ఆమె కుడికి తిరిగేసరికి కెప్టెన్ అక్కడ ముందే పాతుకుని ఉండేది. చెయ్యి చాచేసరికి ఇంకొకతె చెయ్యి అడ్డు. నిచ్చెనకు నిద్ర పట్టడం మానేసింది.

“రోజురోజుకీ నన్ను కట్టిపడేస్తున్నారు మేడం. నా ఆట దిగజారిపోతోంది. ఇంకేదైనా నేర్పండి.”

ఆ నెలల్లో మేడం ముఖంలో తృప్తి కనిపించింది అప్పుడే. “ఏమీ మార్చకు. బాగా వస్తోంది.”

సెలవుకు ఇంటికి వెళితే, దర్జీపని చేసే తల్లి కొత్త చొక్కాకు కొలతలు తీస్తూ ఆగిపోయింది. మళ్ళీ టేపు పెట్టి చూసింది.

“ఎడమ భుజం అరంగుళం కిందికి వాలిందేమే? బరువులు మోయిస్తున్నారా?”

“ఆటమ్మా.”

“మనిషిని వంకర తిప్పే ఆటేమిటే తల్లీ!” పెదాల మధ్య గుండుసూదులతోనే గొణిగింది తల్లి. “సరే, ఆ వంకరకు తగ్గట్టే కత్తిరిస్తాను. ఇంతకీ పన్నెండుమందిలో ఉన్నట్టేనా?”

“లేకపోతే నన్నొక్కదాన్నే పట్టుకుని ఇన్నాళ్ళు నేర్పుతారా?”

ప్రయాణానికి ముందురోజు కోర్టు మధ్యలో నిలబడి మేడం పేర్లు చదివింది. ఒక్కో పేరునూ నిచ్చెన వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పన్నెండో పేరూ అయిపోయింది. కెప్టెన్ వంగి, కట్టి ఉన్న బూటు తాడునే మళ్ళీ కట్టుకుంటోంది.

“మేడం, నా పేరు...”

“నువ్వు చేయాల్సింది చేసేశావమ్మా,” అంది మేడం, ఆమె వైపు చూడకుండా. “ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో.”

పోటీ ముగిసిన సాయంత్రం నిచ్చెన హాస్టల్ గదిలో పరుపు చుట్టుకుంటోంది. వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

“మనవాళ్ళు గెలిచారమ్మా! వాళ్ళ పొడుగు సెంటర్ లేదూ, కదిలితే ఒట్టు!”

ఆమె తాడు బిగించి ముడి వేసింది.

చదువు ఆగలేదు. ఆ వేసవిలో ఒక మైదానంలో ఆమె ఆడుతుండగా చూసి, మరో కాలేజీ పిలిచి సీటిచ్చింది. ఇంత నేర్పుగా తిరిగే సెంటర్‌ను వదులుకున్నది ఏ తెలివితక్కువ కోచ్ అని అక్కడ నవ్వుకున్నారు.

ఆరేళ్ళ తర్వాత జాతీయ జట్టు శిబిరంలో, మొదటిరోజు ఉదయం, ఆమె ఎడమ భుజం దించి, కుడికి తిరిగి బంతిని రింగులో వేసి వెనుదిరిగేసరికి, తానెన్నడూ చూడని ఆ పెద్ద కాలేజీ సెంటర్ ఎదురొచ్చి, చొక్కా మెడ పక్కకు లాగి పాత కుట్ల మచ్చ చూపిస్తూ అడిగింది: “చిన్నప్పుడు గోడ మీంచి పడి ఎముక విరగబట్టి నా భుజం ఇలా వాలిపోయింది; అడుగు తీసి అడుగు వేస్తే అచ్చం నాలాగే ఆడుతున్నావు, మరి నీ భుజానికేమైంది?”